వేలూరు పెళ్లిచూపుల్లో ఒక బౌలరు

పోయిన నెలలో కుడిభుజం నొప్పి బాగా ముదిరి, చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసి వచ్చేసరికి, ఇక మొండికేసి లాభం లేదని కాట్పాడిలో బస్సెక్కి వేలూరులో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా చిన్నతనంలో అందరూ రాయవేలూరు అనేవాళ్లు, ఇప్పుడు ఆ మాటంటే కండక్టరు కూడా తెల్లమొహం వేస్తాడు. డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో, నా భుజం బొమ్మను కంప్యూటరులో పెద్దది చేసి అటూ ఇటూ తిప్పి చూసి, మీరు మూటలు మోసే పని చేసేవారా అని అడిగింది. కాదమ్మా, పదహారేళ్లు ఫాస్ట్ బౌలింగ్ వేసి జీతం తీసుకున్నాను అంటే నవ్వింది. తర్వాత ఏదో ఫారం నింపుతూ, తోడు వచ్చినాయన మీకేమవుతారని అడిగింది. ఆయనా నేనూ ముప్పై ఏళ్ల పైచిలుకు ఒకే ఇంట్లో, ఆలుమగలు ఎట్లా ఉంటారో అట్లా ఉంటున్నామమ్మా అని చెప్పాను. ఆమె తల కూడా ఎత్తకుండా దాన్ని టైపు చేసుకుని, వారానికి మూడుసార్లు వచ్చి చేతికి వ్యాయామం చేయించుకోమని చెప్పి తర్వాతి మనిషిని పిలిచింది.

అంతే. ఇంటికొచ్చి రెండు దినాలు నాకు కాలు నిలవలేదు. సంతోషపడవలసిన సంగతే గదా, ఎందుకిట్లా మేడ మీద గుండ్రంగా తిరుగుతున్నావని ఆయన కోప్పడినాడు కూడా. నిజమే, కానీ ఏ మాట చెప్పడానికి ఒకనాడు నా నాలుక పిడచగట్టుకుపోయిందో, ఏ మాట మా ఇంటిని రెండుగా చీల్చిందో, ఆ మాట ఇప్పుడు ఫారంలో ఒక గడిలో ఇంత సులువుగా పట్టేసింది. ఆ సులువే నన్ను కూర్చోనివ్వలేదు. మా వయసు వాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుందనే ధైర్యంతో ఇదంతా రాస్తున్నాను.

మాది గుడియాత్తం. లుంగీలు నేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ. మావాళ్లకు తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. చిత్తూరు నుంచి కాపురానికొచ్చిన మా పిన్నమ్మ ఒకతే చదువుకున్న మనిషి, మధ్యాహ్నం పూట పాత క్యాలెండరు కాగితాల వెనక నాకు అక్షరాలు దిద్దించింది. ఆ పుణ్యమే ఈ రాత. మా నాయన పొద్దున గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. నడుము నొప్పి అనేవాడు కాదు, ఆకలి అనేవాడు కాదు, పోగుల మధ్య నాడె అటు నుంచి ఇటు పోయే చప్పుడే ఆయన మాట్లాడే మాట. అటువంటి మనిషి కడుపున నేను పుట్టాను. కండెలు చుట్టమని రాట్నం ముందర కూర్చోబెడితే పట్టుమని పది నిమిషాలు ఉండేవాణ్ణి కాదు, మా అక్క అటు తిరిగేలోపల వీధిలో ఉండేవాణ్ణి, వీధి నుంచి ఏట్లో ఉండేవాణ్ణి.

మా ఊరి ఏట్లో సంవత్సరంలో పదినెలలు ఇసకే. మోకాలి లోతు ఇసకలో పరుగెత్తి బంతి వేసేవాళ్లం, గట్టినేల కనిపించిందంటే గుర్రంలాగా ఎగిరిపోయేవాళ్లం. నాకు బ్యాటింగు మీద ఎప్పుడూ మనసు లేదు. ఒకచోట నిలబడి బంతి వచ్చేదాకా కాచుకోవడం నా ఒంటికి పడని పని. బౌలరుకైతే ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది, పరుగెత్తాలి, వెనక్కి నడవాలి, మళ్లీ పరుగెత్తాలి. మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు నన్ను చూసి, వేలూరుకు తీసుకుపోయి జిల్లా జట్టులో ఆడించినాడు. ఇరవై ఏళ్లకు ఒక కంపెనీ వాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చినారు. వేలూరు పక్కన వాళ్లకు ఫ్యాక్టరీ, మద్రాసు లీగులో వాళ్లకు ఒక జట్టు. పేరుకు నేను గుమాస్తాను. పొద్దున రెండు గంటలు కాగితాల మీద ముద్రలు వేసేవాణ్ణి, మిగతా దినమంతా బంతి వేసేవాణ్ణి, శనివారం తెల్లారేసరికి కిట్‌బ్యాగుతో కాట్పాడి జంక్షన్‌లో మద్రాసు రైలు కోసం అటూ ఇటూ నడుస్తుండేవాణ్ణి. ఆటాడితే జీతమిస్తారా అని మా నాయన చాలాకాలం నమ్మలేదు.

ఆ జట్టుకు స్కోరు రాసేందుకు కనియంబాడి బళ్లో లెక్కల మాస్టారు ఒకాయన వచ్చేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. తమిళం తప్ప వేరే భాష రాదు, అరవడం రాదు, తొందర తెలియదు. తిరుగు ప్రయాణంలో రైల్లో నా పక్కన కూర్చుని పుస్తకం తెరిచి, ఫలానా ఓవరులో నాలుగో బంతి నువ్వు కాస్త పక్కగా జరిగి వేశావు గదా, ఎందుకని అని అడిగేవాడు. నేను వేసి మరిచిపోయిన బంతులన్నీ ఆయనకు గుర్తుండేవి. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి అంతకు ముందెవరూ లేరు. ఆయన పక్కన కూర్చుంటే నా కాళ్లు ఊగడం మానేసేవి, దాన్ని నేను గమనించడానికే ఒక సీజను పట్టింది. ఆ తర్వాత మనసులోని సంగతి ఎవరు ముందు చెప్పారన్నదాని మీద మాకిప్పటికీ తగువే. అరక్కోణం దాటినాక నేనే చెప్పానని ఆయనంటాడు, తిరువళ్లూరు దగ్గరే ఆయన చెప్పేశాడని నేనంటాను.

నాకు ఇరవయ్యేడు నడుస్తుండగా ఒక సీజనులో నా చేయి బాగా తిరిగింది. పట్టిందల్లా వికెట్టే. రాష్ట్ర జట్టుకు ఆలోచిస్తున్న పేర్లలో నాది కూడా ఉందని చెవిన పడింది. ఏట్లో ఇసకలో ఆడిన గుడియాత్తం పిల్లవాడికి అదెంతటి మాటో చెప్పక్కరలేదు. సరిగ్గా అప్పుడే, ఎంపికలో మాట చెల్లే పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చేయి వేసి, తమిళంలో చాలా మెత్తగా, నీ గురించి, ఆ స్కోరరు గురించి ఏమేమో అంటున్నారు, అవన్నీ నేను నమ్మను, నువ్వు మాత్రం ఒక పెళ్లి చేసేసుకో, నోళ్లు మూతబడతాయి, తక్కినది నేను చూసుకుంటాను అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. ఇది దాచి లాభం లేదు. రాష్ట్ర జట్టు టోపీ మీద ఆశ నన్ను అట్లా పట్టుకుంది. మా అక్క అప్పటికే నాలుగేళ్లుగా సంబంధాలు చూస్తుండేది, నేను ఊ అనగానే ఆమె మొహం వెలిగిన తీరు ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది. మాస్టారుకు రైల్లోనే చెప్పాను. ఆయన స్కోరు పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, లేచి వెళ్లి అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు. కాట్పాడి వచ్చేదాకా నేను ఆ పెట్టెలో ఈ తలుపు నుంచి ఆ తలుపుకు ఎన్నిసార్లు నడిచానో నాకే తెలియదు.

పిల్ల వేలూరు బజారులో తువ్వాళ్లు, లుంగీలు అమ్మే అంగడివాళ్ల అమ్మాయి. బీకాం చదివి టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్పిస్తుండేది. మా నాయన ఉతికిన చొక్కా వేసుకుని, మా అక్క తమలపాకులూ పూలూ పట్టుకుని, ముగ్గురమూ ఒక ఆదివారం వెళ్లాం. కేసరి పెట్టినారు, బజ్జీలు పెట్టినారు. ఆ ఇంట్లో చెవులు సరిగా వినిపించని ముసలవ్వ ఒకామె గోడకానుకుని కూర్చుని నన్నే చూస్తుండింది. చదువుకున్న పిల్లలు గదా, రెండు మాటలు మాట్లాడుకోనీ అని మమ్మల్నిద్దర్నీ పెరట్లోకి పంపించినారు. అక్కడ బట్టలుతికే బండ, బావి, ఒక కొబ్బరిచెట్టు. ఆమె బండ పక్కన నిలబడింది. నేను బావి నుంచి చెట్టుకు, చెట్టు నుంచి బావికి నడవడం మొదలుపెట్టాను. మీరు స్పిన్నా, ఫాస్టా అని ఆమే ముందుగా పలకరించింది. ఫాస్టని చెప్పాను. చెప్పి మళ్లీ నడుస్తున్నాను.

“కొంచెం ఒకచోట నిలబడండప్పా, నాకు తల తిరగతా ఉండాది,” అంది.

ఆ మాట ఎంత మామూలుగా అందో! నేను నిలబడిపోయాను. నిలబడితే నేను అబద్ధం చెప్పలేనని అప్పుడే తెలిసింది. ఆమె మొహం చూసి, ఈమెను తీసుకుపోయి మా ఇంట్లో పెట్టి, నేను ప్రతి శనివారం రైలెక్కి పోతుంటే, ఈమె జన్మంతా తనలో ఏం తక్కువైందో అనుకుంటూ టైపు కొట్టుకుంటుందని అనిపించింది. అక్కడికక్కడే చెప్పేశాను. నాకు ఆడవాళ్ల మీద మనసు పోదని, పోయే మనసు వేరేచోటికి పోయిందని, ఆ సంగతి ఒక్కరికే తెలుసని చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నేను, ఏదో ఒక వంక చెప్పి, జాతకం కుదరలేదనో మరొకటనో, ఈ సంబంధం వద్దనిపిస్తానులే అన్నాను. అప్పుడొచ్చింది కోపం.

“అట్ల చెయ్యొద్దు. నన్ను చూసిపోయినోళ్లల్లో మీరు మూడోవాళ్లు. నల్లగా ఉండాదని ఒకరు, జాతకమని ఒకరు వద్దనేసినారు. మీరూ వద్దంటే ఈ పిల్లలోనే ఏదో ఉండాదంటారు. మీది మీరే చెప్పుకోండి, నా మీద వెయ్యొద్దు.”

అంతమందిలో ఎట్లా చెప్పేదమ్మా అన్నాను. “నాకు చెప్పినారే, అట్లనే,” అంది.

పెరటి గుమ్మం నుంచి హాలు పది అడుగులుంటుందేమో. ఎన్నో వేల సార్లు పరుగెత్తి బంతి వేసినవాణ్ణి, ఆ పది అడుగులు నాకు ఒక పట్టాన పడలేదు. లోపలికి వెళ్లి, మా నాయన మొహం చూడకుండా, గోడ మీద క్యాలెండరు చూస్తూ చెప్పాను. అప్పట్లో ఆ సంగతి చెప్పడానికి మర్యాదైన మాట తెలుగులోనూ నాకు తెలియదు, తమిళంలోనూ తెలియదు, తెలిసినవన్నీ తిట్లే. కాబట్టి ఉన్న మాటలతోనే చెప్పాను.

“పాపలో ఏ లోపమూ లేదు. నాకే ఆడోళ్ల మీద మనసు రాదు. మొగోళ్ల మీదనే వస్తాది. చిన్నప్పట్నించీ అంతే. ఏ పిల్లనూ నేను చేసుకోను, చేసుకుంటే మోసం.”

ముసలవ్వ, “ఏమంటాడు పిల్లోడు? సామియార్ అయిపోతాడంటనా?” అని గట్టిగా అడిగింది. సన్యాసం పుచ్చుకుంటానన్నానని అనుకుంది పాపం. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాయన లేచి నిలబడినాడు. కొడతాడనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, పిల్ల తండ్రికి దండం పెట్టినాడు.

“అన్నా, మావాడు చెప్పింది మీరు విన్నారు. మీ పాపకు ఒక మాట రాకూడదు. ఎవరన్నా అడిగితే ఇదే చెప్పండి, నేనూ ఇదే చెప్తా.”

చెప్పినాడు కూడా. గుడియాత్తంలో, అంగట్లో, రంగు వేసే చోట, నూలు తెచ్చే చోట, సంబంధం ఎందుకు తప్పిందని అడిగిన ప్రతివాడికీ తప్పు మా వాడిదే అని చెప్పినాడు. పరాయి పిల్ల కోసం తన పరువు తానే తీసుకున్నాడు. కానీ ఆ దినం బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నవాడు గుడియాత్తం చేరేదాకా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఊళ్లో పుట్టిన మాట నాకంటే ముందే మైదానానికి చేరింది. రాష్ట్ర జట్టు పేర్లు వచ్చినప్పుడు అందులో నా పేరు లేదు, ఎందుకు లేదని అడగడానికి నాకు నోరూ లేదు. ఆ పెద్దమనిషి ఎదురుపడితే అటు తిరిగి గడియారం చూసుకునేవాడు. మా వికెట్‌కీపరు, ఏడేళ్లు నా బంతులు పట్టినవాడు, నాతో ఒక గదిలో పడుకోనని చెప్పేశాడు. ఉద్యోగం కూడా పోవలసిందే. మా ఫ్యాక్టరీ మేనేజరు, బొత్తిగా నవ్వని మనిషి, నన్ను పిలిచి, నువ్వు పనికి వస్తున్నావు, వికెట్లు తీస్తున్నావు, నాకు కావలసింది ఆ రెండే, పో అన్నాడు. ఆయన దాన్ని దయ అనుకుని చేశాడో లేదో గానీ ఇంకో తొమ్మిదేళ్లు నేను బౌలింగ్ వేసింది ఆ ఒక్క మాట మీదే.

మాస్టారును మాత్రం తప్పించుకు తిరిగాను. ఆయనది బడి ఉద్యోగం, నా మాట అంటుకుంటే ఆయన పని అయిపోతుందని భయం. పెళ్లిచూపుల్లో ఆయన పేరెత్తలేదు గదా, అట్లనే మరుగున ఉండిపోనీ అనుకున్నాను. రెండు నెలలు ఆయన రాసే టేబులు వైపు కూడా పోలేదు, రైల్లో వేరే పెట్టె ఎక్కేవాణ్ణి. ఒక శనివారం కాట్పాడిలో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, మా జట్టంతా నిలబడి ఉండగా, ఆయన టిఫిను క్యారియరు పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు. అప్పటికి ఆయన నా దగ్గర కొంచెం తెలుగు నేర్చుకుని ఉన్నాడు, మనుషులకూ వస్తువులకూ తేడా లేకుండా అన్నిటికీ ‘డు’ తగిలించేవాడు.

“నువ్వు పరిగెత్తింది చాలు. కూర్చో. ఇడ్లీ చల్లారిపోతాడు,” అన్నాడు.

బడి మాటేమిటన్నాను. హెడ్మాస్టరుకు నిన్ననే నేనే పోయి చెప్పిట్టు వచ్చినాను, ఆయన లెక్కల మాస్టరు దొరికేది కష్టం అన్నాడు, సరే అన్నాను అని చెప్పి క్యారియరు విప్పినాడు. జట్టంతా చూస్తుండగా బెంచీ మీద కూర్చుని ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నాకు లేచి పారిపోదామనే ఉండింది. ఆయన మాత్రం చట్నీ ఒలకకుండా చూసుకుంటున్నాడు.

అవన్నీ సినిమాలోలాగా చక్కబడిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. వేలూరులో కంపెనీల మధ్య జరిగే పోటీలో ఒక మధ్యాహ్నం నేను బౌండరీ దగ్గర ఫీల్డింగులో ఉండగా గట్టు మీద జనం గాజులు విసరడం మొదలుపెట్టినారు. గాజుగాజులు, రంగురంగులవి, సంచి నిండా తెచ్చుకున్నట్టున్నారు. నేను వంగి ఒక్కొక్కటే ఏరుకుని టోపీలో వేసుకుంటున్నాను. ఏరేకొద్దీ వేస్తున్నారు, వేసేకొద్దీ నవ్వుతున్నారు. ఓవరు మధ్యలో మా కీపరు గ్లవ్స్ తీసి చంకలో పెట్టుకుని, అంత దూరం నుంచి నడిచి వచ్చి, నా పక్కన వంగి తనూ గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టినాడు. నేను ఆయన మొహం చూశాను. “ఫీల్డింగ్ చేసేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి గదా, అందుకే,” అన్నాడు, తల ఎత్తకుండా. ఆ మ్యాచి మేం ఓడిపోయాం. నాకు ఆ దినం వికెట్టే పడలేదు. అయినా పదహారేళ్ల ఆటలో నాకు బాగా గుర్తున్నది ఆ మ్యాచే. ఆ తర్వాత వారం మద్రాసు వెళ్లినప్పుడు కీపరు తన సంచి నా గదిలో తెచ్చి పెట్టుకున్నాడు.

ఆ సంవత్సరమే మేమిద్దరం కాట్పాడిలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. జంక్షను ఊరు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, ఎవరు ఎవరితో ఉంటున్నారని అడిగే తీరిక అక్కడ తక్కువ. ఇల్లుగలామె మా ఇద్దర్నీ బ్రహ్మచారులని పిలిచేది. తెలిసి పిలిచేదో, తెలియక పిలిచేదో మేమూ అడగలేదు. మరి రెండేళ్లకు వేలూరు నుంచి ఒక పెళ్లిపత్రిక వచ్చింది, నా పేరు మీద, టైపు చేసిన కవరులో. ఇద్దరం వెళ్లాం. ఆ పెళ్లిచూపుల పిల్ల పీటల మీద నుంచే భర్తకు నన్ను చూపించి, వీరేనండీ నన్ను చూడవచ్చి తమను తాము వద్దనుకున్నవారు అని పరిచయం చేసింది. ఆయన లేచి నాతో చేయి కలిపినాడు. ముసలవ్వ అప్పటికి ఇంకా ఉంది, నన్ను చూసి, సన్యాసం తీసుకున్నవాడు పెళ్లికి రావడమేమిటని పక్కవాళ్లను అడిగిందట.

మా నాయనతో మాత్రం ఏ మాటా కుదరలేదు. పండగలకు ఇంటికి పోయేవాణ్ణి. మా అక్క తలుపు తీసేది, అన్నం పెట్టేది, ఏడ్చేది. నేను మగ్గం గదిలోకి వెళ్లి గుంట పక్కన కాసేపు నిలబడేవాణ్ణి. నాడె ఆగేది కాదు. ఆయన నడుము ఏడాదికేడాది వంగుతుండేది. చొక్కా గుడ్డో, మందులో అక్క చేతికిచ్చి వచ్చేవాణ్ణి, అవి వాడుతున్నాడని అక్క చెప్పేది, అంతవరకే. ఆ బస్సులో తిరిగి వచ్చేటప్పుడు సీట్లో కూర్చోలేక మెట్టు మీద నిలబడి వచ్చేవాణ్ణి.

నాకు ముప్పయ్యారు వచ్చాయి, భుజం మొరాయించడం మొదలైంది, ఇదే ఆఖరు సీజను అని కంపెనీకి చెప్పేశాను. ఆ సంగతి అక్క నోటంట ఆయనకు చేరి ఉంటుంది. వేలూరులో ఒక లీగు మ్యాచి ఆడుతున్నాం. నేను నా పరుగు మొదలుపెట్టే చోటికి నడిచిపోతూ యథాలాపంగా చూస్తే, స్కోరరు టేబులు దగ్గర షామియానా నీడలో, గొడుగు కాళ్ల సందున పెట్టుకుని మా నాయన కూర్చుని ఉన్నాడు. గుడియాత్తం నుంచి ఒక్కడే బస్సెక్కి వచ్చినాడు. అంతవరకు ఆయన క్రికెట్టు చూసి ఎరగడు. మాస్టారు తన కుర్చీ ఆయనకిచ్చి, తాను కిట్‌బ్యాగు మీద కూర్చుని రాస్తున్నాడు. నేను ఆ ఓవరు ఎట్లా వేశానో మాస్టారునే అడగాలి. నాకు ఒక్క బంతీ గుర్తులేదు.

టీ వేళకు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన నా బూట్లు చూసినాడు, మోకాలు చూసినాడు, అప్పుడడిగినాడు.

“అంత దూరం నుంచి పరిగెత్తుకుంటా వస్తావే, యాల? దగ్గర నిలబడి వేస్తే పోదా?”

తొమ్మిదేళ్ల తర్వాత మా నాయన నన్ను అడిగిన మొదటి మాట అది. ఇవాళ నా దగ్గర నేర్చుకునే పిల్లలెవరన్నా ఆ ప్రశ్న అడిగితే బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ దినం మాత్రం నోటికొచ్చిందే చెప్పాను.

“పరిగెత్తకుండా వెయ్యలేను నాయనా,” అన్నాను.

ఆయన తల ఊపినాడు. “అదీ నిజమేలే. పుట్టినప్పట్నించీ నువ్వు అంతే గదా. నేనే నిన్ను మార్చాలని చూస్తి.” తర్వాత గడ్డంతో మాస్టారు వైపు చూపించి, గొంతు తగ్గించి, “ఈయప్ప నాకు మజ్జిగ ఇచ్చినాడు. మంచోడు మాదిరి ఉండాడు. ఇంటికి పిల్చకరా ఒకతూరి,” అన్నాడు. ఆట ముగిసేదాకా ఉండలేదు, మగ్గం మీద పని ఉందని గొడుగు తీసుకుని వెళ్లిపోయినాడు.

పిల్చుకుపోయాను. ఆయన మరి రెండేళ్లు బతికినాడు. ఆ రెండేళ్లలో మాస్టారుకు గుంటమగ్గంలో కూర్చోవడం నేర్పించినాడు, నాకు నేర్పలేకపోయిన పని. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒకాయన నేస్తుంటే ఇంకొకాయన పోగులు లెక్కపెడుతూ ఎంతసేపైనా అట్లాగే ఉండేవాళ్లు, నేను మాత్రం గుమ్మానికీ వీధికీ మధ్య తిరుగుతుండేవాణ్ణి.

ఇప్పుడు గుడియాత్తంలో మా వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ఏట్లో ఇసక కూడా లేదు, లారీలు ఎత్తుకుపోయినాయి, మిగిలిన గుంటల్లో సీమతుమ్మ మొలిచింది. కాట్పాడిలో నేను బౌలింగ్ నేర్పించే పిల్లలు సిమెంటు పిచ్ మీద, బంతి వేగం చూపించే మిషను పెట్టుకుని ఆడతారు. వాళ్లకు నా సంగతి తెలుసు, వాళ్ల తల్లిదండ్రులకూ తెలుసు. తెలిసే పంపిస్తున్నారు. కాలేజీ పిల్లలు కొందరు తమ సంగతి తామే, టీ తాగుతూ, మామూలు గొంతుతో చెప్పుకుంటారు. దానికి వాళ్ల దగ్గర మంచి మాటలున్నాయి, చట్టం కూడా వాళ్ల వైపుకు కొంత జరిగింది. వింటుంటే నాకు సంతోషంగా ఉంటుంది, ఆ సంతోషంలోనే ఎక్కడో అసూయ కూడా ఉంటుంది, దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది.

కాకపోతే ఒకటి. ఎవరి నోట సరే అన్న మాట వినాలని నేను అన్నేళ్లు కాలు నిలవకుండా తిరిగానో, వాళ్లందరూ పోయినారు. మా నాయన పోయినాడు, ఆయన వెనకాలే మా అక్క పోయింది, నవ్వని మేనేజరు పోయినాడు. ఇవాళ నాకు సరే అంటున్నవాళ్లు నా బాల్యం ఎరగనివాళ్లు, నేను వాళ్లను అడగను కూడా లేదు. లోకం మారింది, మంచిదే. ఇంకాస్త తొందరగా మారి ఉంటే మా నాయనతో మాట్లాడవలసిన ఆ తొమ్మిదేళ్లు నాకు మిగిలి ఉండేవి.